ఇంటివాళ్ల గది

సెప్టెంబర్ 12, శుక్రవారం

రిటైర్మెంటు రోజు ప్లాంటు వాళ్లు ఒక శాలువా, ఒక గోడగడియారం, ఈ డైరీ ఇచ్చారు. శాలువా బీరువాలో ఉంది. గడియారాన్ని గెస్టుల కోసం ముందు గదిలో పెట్టాను. నాకు మిగిలింది డైరీ. జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. ఇవాళ వచ్చిన కోపం ఎవరిమీద చూపించాలో తెలియక తీశాను. ఇందులో తెలుగులో ఏం రాసినా ఈ ఇంట్లో చదివేవాళ్లు లేరు. మా ఆవిడ జయ కోర్పనా పక్క పల్లెలో మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. అర్చన పుట్టింది, పెరిగింది, చదివింది ఈ చంద్రపూర్‌లోనే, ఇప్పుడు పూణేలో ఉద్యోగం. తల్లీకూతుళ్లిద్దరికీ తెలుగు నోటికే గాని కంటికి రాదు.

కోపం ఎందుకంటే, మన ఇంటి గదులు టూరిస్టులకు అద్దెకిప్పించే బుకింగు కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. హోమ్‌స్టేలన్నీ సర్కారు దగ్గర రిజిస్టరు చేయించుకోవాలట. అక్టోబరు ఆఖరులోగా నంబరు పంపకపోతే మన ఇంటిని తీసేస్తారట. సరిగ్గా తాడోబా పులుల అడవి గేట్లు తెరిచే సీజనులో! మార్చి నుంచి ఒంటిచేత్తో నిలబెట్టాను దీన్ని. ఇన్నేళ్లు స్టోర్సులో బేరింగులు, బోల్టులు ఇచ్చి పంపాను, ఒక్కడు థాంక్స్ అన్న పాపాన పోలేదు. ఇప్పుడు బెంగళూరు నుంచి, ఇండోర్ నుంచి వచ్చినవాళ్లు "మురళీధర్ జీ లాంటి హోస్టు లేడు" అని నక్షత్రాలు ఇచ్చి పోతున్నారు. దాన్ని ఒక్క నంబరు కోసం పోగొట్టుకుంటానా?

సెప్టెంబర్ 15

పర్యాటక శాఖ ఆఫీసుకు పోయివచ్చాను. క్లర్కు మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు. రూలు ఏమిటంటే, ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలి, వాళ్లకంటూ ఒక గది ఉండాలి. మిగిలినవే అద్దెకు ఇవ్వాలి. లేకపోతే అది ఇల్లు కాదు, లాడ్జి.

మనకున్నవి మూడు గదులు, ఒక వంటిల్లు. మూడూ గెస్టులకే. అర్చన గది కూడా. మేము వంటింట్లో సర్దుకుంటున్నాం, నాకు మడత మంచం, జయకు చాప. ఆమెకు చాపే ఇష్టం. ఇల్లు జయ పేరు మీద ఉంది, ఈ బాబుపేట్ ప్లాటు వాళ్ల నాన్న ఇచ్చింది కాబట్టి దరఖాస్తు కూడా ఆమె పేరుమీదే వేయాలి. ఫారం నింపి సంతకం పెట్టమన్నాను.

"ఏ అర్ర మనదని రాసినవ్?" అంది.

"మధ్య గది."

"అయితే ఇయ్యాల్టి సంది మధ్య అర్రల పండుకుందమా?"

"పిచ్చిదానివా? కాగితం వేరే, కాపురం వేరే."

ఫారం తీసుకుని సంతకం పెట్టింది. జయలో నాకు నచ్చేది అదే, ఊరికే సాగదీయదు.

సెప్టెంబర్ 18

పొద్దున్నే జయ మొదలుపెట్టింది. "ఆ ఫ్రిజ్ మోతకు ఈడ నిద్ర పడ్తలేదు" అని. ఆరు నెలల నుంచి అదే ఫ్రిజ్, అదే మోత. "అలవాటైతదిలే" అన్నాను.

సెప్టెంబర్ 23

జయ అక్క ఆగమ్మ వదిన ఊరి నుంచి దిగింది. కంటి ఆసుపత్రిలో చూపించుకోవాలట. రెండు రోజులు ఉంటానంది. ఒక్క ఫోనైనా చేయకుండా వచ్చేస్తే ఎట్లా? అడవి బయటి అంచున తిప్పే బఫర్ సఫారీకి వచ్చిన నాగపూర్ దంపతులు ఒక గదిలో, ఫోటోలు తీసే ఆయన ఒక గదిలో ఉన్నారు. మూడోది సాయంత్రానికి బుక్కయింది. అందుకని వదినకు బస్టాండు దగ్గర లాడ్జిలో ఏసీ గది తీసుకున్నాను. మనసులో ఏమీ పెట్టుకోకుండా చేశాను. చెల్లెలి మొగుడు ఏసీ గదిలో దింపాడని ఊళ్లో చెప్పుకోవాలి నిజానికి.

వదిన సంచి మళ్లీ భుజానికి వేసుకుంది. "ఓ జయా, మీ ఇంట్ల అందరికీ జాగ ఉన్నది గని..." అని ఆపేసి నవ్వింది. జయ కూడా చెప్పులు వేసుకుని ఆమెతోనే లాడ్జికి పోయింది. రెండు రాత్రులు అక్కడే. గెస్టులకు అటుకుల పోహా నేనే చేశాను, ఉప్పు ఎక్కువైంది. నాగపూర్ ఆయన ఒక నక్షత్రం తగ్గించాడు. ఇంటి ఆడది ఇంట్లో లేకపోతే ఇట్లాగే ఉంటుంది.

సెప్టెంబర్ 28

అనంతరావుతో గొడవ. పక్కిల్లు, ప్లాంటులో నాతోపాటే పనిచేశాడు, కరీంనగర్ మనిషి. గెస్టుల కారు వాళ్ల గేటుకు అడ్డంగా ఉందట. "మురళీ, ఇది గల్లీ, స్టాండు కాదు. నా బండి ఎట్ల తీసుకోవాలె?" అని నలుగురిలో అరిచాడు. తీయమంటే తీయిస్తాం కదా, అరవడం ఎందుకు? అసలు సంగతి కారు కాదు. రిటైరైనా నాకు ఒక పని, ఒక పేరు ఉన్నాయి. ఆయనకు పొద్దంతా ఆ రేకుల షెడ్డు కింద కుర్చీ తప్ప ఇంకేమీ లేదు. ఏడుపు అది.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. ఎప్పుడూ మన వాకిట్లోనే పేర్చేవాళ్లు, గల్లీలో తెలుగు ఆడవాళ్లందరూ. ఈసారి వాకిట్లో గెస్టుల కోసం ప్లాస్టిక్ గడ్డి పరిచి, బల్లలు వేయించాను. దానిమీద తంగేడు, గునుగు పోసుకుని కూర్చుంటే గడ్డి పాడవుతుంది. అది చెప్పినందుకు అందరూ అనంతరావు రేకుల కిందికి మారారు. జయ పొద్దున్నుంచి అక్కడే, అనంతరావు భార్య స్నేహలతతో. సాయంత్రం అందరూ కలిసి ఝర్‌పట్ నది దాకా పోయి వచ్చారు. నువ్వుల పొడి, పల్లీ పొడి పంచుకుని నవ్వుకుంటూ వచ్చారు. జయ అట్లా నవ్వడం చూసి చాలా రోజులైంది. పనిలో పడి నవ్వడం మర్చిపోతుంది మనిషి.

అక్టోబర్ 1

గేట్లు తెరిచారు. మూడు గదులూ నిండాయి.

అక్టోబర్ 4, శనివారం

పూణే గెస్టులు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పులి కనిపించలేదని మొహాలు వేలాడేసుకుని వచ్చారు. ఆవిడ నా పాత ఫోటోల్లో బతుకమ్మ చూసి "ఇది మాకు చూపించగలరా?" అని అడిగింది. పులి ఎట్లాగూ నా చేతిలో లేదు, ఇదైనా నా చేతిలో ఉంది కదా అని "సాయంత్రం" అన్నాను.

జయ దగ్గరకు పోతే చపాతీ పిండి కలుపుతోంది. చెప్పాను. చేతులు ఆపింది.

"గంగల ఏసినంక మళ్ల ఎట్ల పేరుస్త? నాలుగు దినాలే అయింది సాగనంపి."

"వాళ్లకేం తెలుసు?"

"నాకు తెలుసు గద."

"గెస్టులకు మాట ఇచ్చాను జయా. పూలేగా?"

పిండి మీద మూత పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుని బంతిపూలు తెమ్మంది. గునుగు దొరకలేదు. పళ్లెంలో నాలుగు వరసలు పేర్చింది. పైన పసుపు గౌరమ్మ పెట్టలేదు. అడిగితే "ఉత్త పూలే గద" అంది. ఎవరినైనా పిలుచుకురమ్మంటే పోలేదు. పాడలేదు కూడా. నేనే ఫోనులో పాటలు పెట్టాను. ప్లాస్టిక్ గడ్డి మీద ఒక్కతే చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగింది. గెస్టులు వీడియో తీసుకున్నారు. పిల్లలు కూడా ఆమె వెనక గెంతారు. అనంతరావు గేటు దగ్గర స్నేహలత, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి చూశారు. జయ వాళ్లను చూసి తల దించుకుంది. సిగ్గరి.

మొత్తానికి బాగానే జరిగింది.

అక్టోబర్ 5

ఐదు నక్షత్రాలు! "అచ్చమైన సంప్రదాయం, ఇంటావిడ భక్తి మరువలేం" అని రాశారు. జయకు చదివి వినిపించాను. వింటూ గిన్నెలు తోముతూనే ఉంది. నీళ్లు ఆపి ఉంటే బాగా వినిపించేది.

అక్టోబర్ 9

ఆఫీసు నుంచి ఫోను. నోటీసు వాట్సాపులో పంపారు. మన దరఖాస్తు మీద ఫిర్యాదు వచ్చిందట. ఇంట్లో ఇంటివాళ్లకు గది లేదని, మూడు గదులూ అద్దెకే నడుపుతున్నారని, కుటుంబం వంటింట్లో పడుకుంటోందని. 17న ఆఫీసరు వచ్చి చూస్తారు. నిజమని తేలితే దరఖాస్తు కొట్టేస్తారు.

ఎవరు ఇచ్చారని అడిగితే చెప్పలేదు.

వేరే చెప్పాలా? వంటింట్లో పడుకుంటామని ఎవరికి తెలుసు? మా వంటింటి కిటికీ ఎవరి షెడ్డు వైపు తెరుచుకుంటుంది?

అక్టోబర్ 10

అనంతరావు. అనంతరావు. ప్లాంటులో నా టిఫిను డబ్బాలోంచి తిన్న చెయ్యి.

అక్టోబర్ 11

జయ అడ్డం వచ్చింది. "అనంతరావు అన్న అసొంటోడు కాదు. నీకు ఎవరు చెప్పిన్రు?" అంది. నువ్వు ఊరుకో అన్నాను. నీకు అందరూ దేవుళ్లే అన్నాను. ఏదో అనబోయి గుమ్మంలో ఆగింది. అప్పుడే గెస్టుల ఆటో వచ్చింది, నేను సామాను దించడానికి పోయాను. తిరిగివచ్చేసరికి వంటింట్లోకి పోయింది.

మధ్యాహ్నం మున్సిపాలిటీకి పోయాను. అనంతరావు రేకుల షెడ్డు సగం నాలా మీద ఉంది. అది అందరికీ తెలుసు, ఇన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. రూలంటే రూలు. రూలు నాకొక్కడికేనా?

అక్టోబర్ 15

షెడ్డు పోయింది. మనుషులు వచ్చి రేకులు విప్పి, గుంజలు పీకేశారు. అనంతరావు కుర్చీ ఒకటి చేత పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ఎప్పుడూ పెద్దమాటలు మాట్లాడే మనిషి. నేను కిటికీలోంచి చూశాను. సంతోషం అనుకున్నంత రాలేదు, కానీ వచ్చింది.

జయ గిన్నె పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయింది. స్నేహలత కింద పడిన పాత పూలబుట్ట తీసుకుంటోంది. బతుకమ్మకు పూలు తెచ్చినది, జయదే. దాన్ని చూసి జయ గిన్నె దించేసి బయటకు పోయింది.

అక్టోబర్ 16

రేపే. మధ్య గదిని ఇవాళ ఖాళీ పెట్టించాను. మా పెళ్లి ఫోటో బీరువా పైనుంచి తీసి గోడకు కొట్టాను. నా కళ్లజోడు, మందులు, పాత పేపరు మంచం పక్కన పెట్టాను. జయ చీరలు రెండు దండెం మీద వేశాను. గుమ్మంలోంచి చూస్తే నాకే నమ్మకం కుదిరింది, ఎప్పటినుంచో ఇక్కడే ఉంటున్నట్టు. ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలో జయకు చెప్పాను. తలూపింది.

అక్టోబర్ 17, శుక్రవారం

ఆఫీసరు ఆడమనిషి, మా అర్చన వయసు ఉంటుంది. చెమట తుడుచుకుంటూ వచ్చింది, మంచినీళ్లు తాగింది, గదులు చూసింది. మధ్య గదిలో నిలబడి పెళ్లి ఫోటో చూసి "సుందర్" అంది. నేను మరాఠీలో అంతా వివరించాను. బాగా మాట్లాడాననే అనుకుంటున్నాను.

తర్వాత జయ వైపు తిరిగి అడిగింది. మీరు రాత్రి ఎక్కడ పడుకుంటారమ్మా అని.

జయ ఆమెను వంటింట్లోకి తీసుకుపోయింది. గ్యాసు సిలిండరు వెనక నుంచి చుట్టిన చాప తీసి పరిచింది. "ఇథే" అంది. ఇక్కడ. తర్వాత నా మడత మంచం చూపించింది.

భయపడింది, అధికారిని చూసి నోరు జారింది అనుకున్నాను. పల్లె మనిషి, తొందరపడింది అని ఆఫీసరుకు సర్దిచెప్పబోయాను. ఆ అమ్మాయి నా మాట వినడం లేదు. ఫైలు తిరగేస్తోంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది, జయను చూసింది, నన్ను చూసింది.

"అర్జ్‌దార్ ఆణి తక్రార్‌దార్ ఏకచ్!" అంది.

అర్జీ పెట్టినావిడ, ఫిర్యాదు చేసినావిడ ఒక్కరేనట. ఈ ఉద్యోగంలో ఇట్లాంటిది చూడలేదని నవ్వబోయి, జయ మొహం చూసి ఆపుకుంది. రెండు సంతకాలు ఒకటే. ఒకటి నేను పెట్టించినది. రెండోది జయ తనంతట తాను పెట్టినది. తన చేత్తోనే మరాఠీలో పైనుంచి కింది దాకా రాసుకుని, ఆరో తారీకున ఆటో ఎక్కి పోయి ఇచ్చి వచ్చిందట. ఆ రోజు కూరగాయలకు పోయిందనుకున్నాను.

ఆఫీసరు జయనే అడిగింది. ఇల్లు మీది, మీరు ఏం చేయమంటారు, కొట్టేయమంటారా?

జయ నన్ను చూడకుండానే చెప్పింది. "ఒక్క అర్ర నాకు కావాలె. తక్కిన రెండు ఆయన ఇష్టం." ఆ మాట తెలుగులోనే అంది, తర్వాత గుర్తొచ్చి మరాఠీలో చెప్పింది.

ఆఫీసరు మధ్య గదికి అడ్డగీత కొట్టి, రెండు గదులకు రాసుకుని పోయింది. ఆమె పోయాక అడిగాను. ఎందుకిట్లా చేశావు, నాతో చెప్పొచ్చు కదా అని.

"ఎన్నిసార్లు చెప్పాలె?" అంది. "బతుకమ్మను సాగనంపినంక ఆడిపిచ్చినవ్. గౌరమ్మ లేని పూల చుట్టు తిరిగిన. మా వాళ్లందరు చూసిన్రు. ఇగ నీకు చెప్పుడెందుకని సర్కారుకు చెప్పిన."

నేను వాకిట్లోకి పోయి కూర్చున్నాను. కాసేపటికి వెనకనుంచి గొంతు వచ్చింది.

"అనంతరావు అన్న రేకులు నువ్వే తీయించినవ?"

"నేనెందుకు తీయిస్తాను?" అన్నాను.

"స్నేహలత వదినకు తెలుసు. ఆళ్లకు మున్సిపాలిటీల చెప్పిన్రు." గుమ్మం మెట్టు మీద కూర్చుంది. తర్వాత, "నేను ఆ రోజే చెప్పినుంటె అయిపోతుండె. నోటి దాంక వచ్చింది, ఆగిపోయిన. అది నా తప్పు" అంది.

తప్పు ఆమెదని ఆమే అంది. ఇక్కడ రాసి పెడుతున్నాను. రాశాక కూడా మనసేమీ తేలిక పడలేదు.

అక్టోబర్ 18

ఏం రాయాలి?

అక్టోబర్ 25

దీపావళి అయిపోయింది. అనంతరావు ఇంటికి పండగ పిండివంటల ఫరాళ్ డబ్బా తీసుకుని పోయాను, నేనొక్కడినే. షెడ్డు ఉన్నచోట ఎండ పడుతోంది. కుర్చీ లోపల వేసుకున్నాడు.

"రేకులు మళ్లీ వేయిస్తాను, నాలా వదిలేసి వెనక్కు" అన్నాను.

"రేకులదేముందిరా మురళీ, పోతే పోయినయ్. నీకు అనుమానం రాంగనే గేటు కొట్టి నన్ను అడిగితె అయిపోతుండె. గింత దూరమే గద."

స్నేహలత డబ్బా తీసుకుంది. మా డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు, ఏదో ఒకటి వేసి ఇచ్చేది. ఇవాళ కడిగి, తుడిచి ఖాళీగా ఇచ్చింది.

అక్టోబర్ 29

రిజిస్ట్రేషను వచ్చింది. నంబరు పంపాను, కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. గడువులోపలే. రెండు గదులు. గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలి, ఇంటి యజమాని పేరు రాసి. జయ పేరు రాయించాను, రూలు కాబట్టి.

మధ్య గదిలో మా పెళ్లి ఫోటో అట్లాగే ఉంది. జయ తీయలేదు. దండెం మీద నేను వేసిన రెండు చీరల పక్కన మిగతావి కూడా వచ్చి చేరాయి. నా కళ్లజోడు, మందులు మాత్రం వంటింట్లో కిటికీ గట్టు మీద కనిపించాయి. ఎవరు పెట్టారని అడగలేదు. ఆఫీసరు వచ్చిపోయినప్పటి నుంచి నేను మడత మంచం వాకిట్లోనే వేసుకుంటున్నాను, గాలి బాగుంటుందని.

నవంబర్ 2, ఆదివారం

నిన్న ఆగమ్మ వదిన వచ్చింది, కంటి ఆపరేషను కోసం. ఈసారి ఫోను చేసే వచ్చింది, నాకు కాదు, జయకు. జయ ఎదురుపోయి సంచి అందుకుని నేరుగా మధ్య గదిలోకి తీసుకుపోయింది. అక్కాచెల్లెళ్లు తలుపు దగ్గరగా వేసుకుని ఏదో మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. రెండు గదుల్లో గెస్టులున్నారు. చలి మొదలైంది, వాకిట్లో మంచు పడుతోంది. మడత మంచం గుడ్డ చిరిగింది. నేను సిలిండరు వెనక నుంచి చాప తీసుకుని వంటింట్లో పడుకున్నాను.

నేల చెమ్మగా ఉంది. సింకు కింద గొట్టం కారుతోంది, తలగడ తడిసింది. ఫ్రిజ్ కాసేపు ఆగి, ఇక నిద్ర పడుతుంది అనుకునేసరికి మళ్లీ మొదలవుతుంది. మార్చి నుంచి ఇదే నేల.

పొద్దున జయ గెస్టులకు పోహా చేయడానికి వచ్చింది. నేను ఇంకా చాప మీదే కూర్చుని ఉన్నాను. నన్ను తప్పించుకుని గ్యాసు వెలిగించింది. నడుము పట్టేసిందని, ఈ ఫ్రిజ్ మోతకు ఇక్కడ నిద్ర పట్టడం లేదని చెప్పాను.

ఉల్లిపాయలు కోస్తూ, కోపం లేకుండా, నా వైపు తిరగకుండా అంది.

"అలవాటైతదిలే."